మా ఇంట్లో బాగానే వస్తోంది

మధ్యాహ్నం మూడున్నర. కాలనీకి ఇంటర్నెట్ లైన్లు ఇచ్చే ఓనరు తన ఇంటి ముందు గదిలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఆఫీసులో ఉన్న బామ్మర్దితో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"తెరుచుకుంటోందిరా."

"ఏది బావా?"

"ఏది ఏంట్రా. కొత్త కంపెనీ వాళ్ళ సైటు. రెండ్రోజుల్నుంచి బ్లాక్ చేశాను, చేశాను అంటున్నావే, ఆ సైటు. వాళ్ళ రేట్లన్నీ రంగురంగుల అక్షరాల్లో నా కళ్ళ ముందే ఉన్నాయి."

"ఆఫీసులో రావట్లేదు బావా. కాలనీలో ఎవరికీ రావట్లేదు."

"మరి నాకెందుకు వస్తోంది?"

"నీకా... ఎక్కడున్నావు నువ్వు?"

"ఇంట్లో."

"ఇంట్లోనా."

"ఇంట్లోనే. ఏం, నా ఇంట్లో నేను ఉండకూడదా?"

"ఉండొచ్చు బావా. ఆఫీసుకొచ్చి చూస్తే నీకే బాగుంటుందని..."

"ఆఫీసులో చూస్తే లాభమేంట్రా? నాలుగింటికి మాస్టారు వచ్చేది ఇంటికి. నూట ఎనభై ఫ్లాట్ల అసోసియేషన్‌కి ప్రెసిడెంటు. నిన్న నలుగురిలో నన్ను పట్టుకుని, ఆ సైటు మావాళ్ళకి రావట్లేదు, నువ్వేమన్నా అడ్డం పెట్టావా అని అడిగాడు. మా ఇంట్లో ఎలా వస్తే మీకూ అలాగే వస్తుంది మాస్టారూ, వచ్చి మీ కళ్ళతో చూసుకోండి అన్నాను."

"ఎందుకన్నావు బావా?"

"నోరు ఊరుకోక. మా ఇంట్లోనూ రాదు కదా, అది చూపించి, చూశారా, వాళ్ళ సైటే పడుకుంది, సైటు నిలబెట్టుకోలేనివాళ్ళు మీకు లైనేం ఇస్తారు అందామనుకున్నాను. తీరా చూస్తే నా ఒక్కడి ఇంట్లోనే శుభ్రంగా వస్తోంది. అడ్డం పెట్టింది నేనేనని చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది. రేపటికి నూట ఎనభై ఇళ్ళూ వాళ్ళవే. ఇంకో నెలకి మనిద్దరం కూరగాయలమ్ముకోవాలి."

"నాకు తూకం వెయ్యడం రాదు బావా."

"నాకు బ్లాక్ చెయ్యడం రాదు. సరే, ఒక్క మంచి సంగతుంది. ఇవాళ ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు, చూశావా? జనం అలవాటు పడ్డారు."

"ఫిర్యాదు రాసే పేజీ కూడా తెరుచుకోవట్లేదు బావా."

"ఎవరిది?"

"మనదే."

"మనదెందుకు తెరుచుకోదు?"

"గట్టిగా బ్లాక్ చెయ్యమని పొద్దున మూడుసార్లు తిట్టావుగా. ఒక్క సైటు ఆపితే చాలట్లేదేమోనని, అది ఉన్న సర్వరునే మొత్తం ఆపేశాను. తీరా మన సైటు కూడా అక్కడే అద్దెకుందట. ఒక వాటాలో వాళ్ళు, పక్క వాటాలో మనం, ఆ పక్కన పళ్ళ డాక్టరు. నేను వీధి గేటుకి తాళం వేసేశాను."

"అంటే నా కంపెనీని నేనే మూసుకున్నాను."

"వాళ్ళది మూసే కంగారులో."

"వాళ్ళది మాత్రం తెరిచే ఉంది."

"మీ ఇంట్లోనే బావా."

"అదేరా నేనంటున్నది. ఉండు, రూటరు ఒకసారి ఆపి వేస్తాను."

"వద్దు బావా."

"ఎందుకొద్దు?"

"అక్క లోపల పిల్లలకి లెక్కల క్లాసు చెబుతుంటుంది కదా ఈ టైములో. లైను పోతే కోప్పడుతుంది."

"కోప్పడనీ. నూట ఎనభై ఇళ్ళు పోతుంటే క్లాసేంటి. ఇదుగో, ఆపేశాను. దీపాలన్నీ ఆరిపోయాయి."

"ఆపేశావా."

"ఒరేయ్."

"ఊఁ."

"అక్క క్లాసు ఆగలేదు."

"మంచిదే కదా బావా."

"సైటూ ఆగలేదు. రూటరు ఆపేస్తే ఇంటర్నెట్ ఎలా వస్తుందిరా?"

"గాల్లో ఇంకా కాస్త మిగిలి ఉంటుందేమో బావా."

"అది జనానికి చెప్పే మాట. నాకు చెప్పకు."

"అక్క ఒట్టేయించుకుంది బావా."

"ఏమని?"

"చెప్పేస్తే ఇంక ఒట్టేముంది. నువ్వొకసారి నడవాలోకెళ్ళి, చెప్పుల స్టాండు పైన చిన్న చెక్క తలుపుంది చూడు, అది తియ్యి. నేను చెప్పలేదు. నీ అంతట నువ్వే తీశావు."

"తీశాను. గొడుగులు."

"గొడుగుల వెనక."

"రూటరుంది. ఇంకో రూటరు. దీపాలు వెలుగుతున్నాయి. దీని మీద... ఒరేయ్, దీని మీద వాళ్ళ కంపెనీ బొమ్మ ఉందిరా."

"ఆరు నెలలైంది బావా."

"ఆరు నెలలా?"

"అక్క క్లాసు చెబుతుంటే మన లైను ఆగిపోయి, అక్క మొహం నోరు తెరిచినట్టే నిలబడిపోయిందట. పిల్లలంతా ఫొటో తీసుకుని ఒకళ్ళకొకళ్ళు పంపుకున్నారట. ఆ రోజు చాలా ఏడ్చింది. అప్పటికి పదకొండుసార్లు నీకు చెప్పింది. పదకొండుసార్లూ నువ్వు రూటరు ఆపి వెయ్యమన్నావట."

"అది అందరికీ చెప్పేదే కదరా."

"అందుకే అందరూ చేసే పనే అక్కా చేసింది."

"మరి నాతో గట్టిగా పోట్లాడొచ్చు కదా."

"పోట్లాడింది బావా. అప్పుడు నువ్వు ఫోన్లో ఇంకెవరికో రూటరు ఆపమని చెబుతున్నావు."

"వైరెవరు లాగారు?"

"వాళ్ళ మనిషే."

"ఒక్కడే లాగాడా?"

"వాడి నిచ్చెన పొట్టిదైంది బావా. మన నిచ్చెన ఇచ్చాను. పట్టుకున్నాను కూడా, పడతాడేమోనని. వైఫైకి పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టించాం, నీకు తెలియకూడదని. నువ్వు ఇందాక ఆపిన మన రూటరుంది చూడు, దానికి ఉత్తి దీపాలే."

"నాలుగు వందల ఇళ్ళకి లైను లాగినవాణ్ణి, నా నడవాలోకొచ్చిన వైరు చూసుకోలేదు. పైగా ఫోన్ చేసిన ప్రతివాడికీ, మా ఇంట్లో బాగానే వస్తోందండీ, లోపం మీ దగ్గరే అని చెప్పాను. ఆరు నెలలు. గుండె మీద చెయ్యేసుకుని."

"అబద్ధం కాదు కదా బావా. బాగానే వచ్చింది."

"వాళ్ళ కంపెనీకి నాకన్నా నమ్మకమైన సేల్స్‌మన్ లేడురా. జీతం కూడా అడగలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. మీ అక్క నోరు తెరుచుకుని నిలబడిపోయిందన్నావు చూడు, ఇప్పుడు నేనూ అలాగే నిలబడ్డాను."

"ఫొటో తియ్యడానికి అక్కడ ఎవరూ లేరులే."

"నవ్వకు. తాళం తియ్యి."

"గేటుదా?"

"మొత్తం. గేటు, వాటాలు, అన్నీ. ముందు వాళ్ళది తియ్యి."

"బావా, నిజంగానా?"

"నిజంగానే. బెల్లు మోగుతోంది, మాస్టారొచ్చాడు. పెట్టేస్తున్నాను... రండి మాస్టారూ, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదయ్యా. ఏదీ, ఆ సైటు ఇలా పెట్టు."

"మీరే నొక్కండి మాస్టారూ, మీ చేత్తో."

"వచ్చేసిందే. ఇంకా వేలైనా తియ్యలేదు. ఉండు, ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటాను... ఏమోయ్, ఆ సైటు ఓసారి చూడు. తిరుగుతోందా? ఊఁ. ఇంకా తిరుగుతోందా? వచ్చిందా. సరే, పెట్టెయ్... అక్కడా వచ్చిందయ్యా. పొద్దున రాలేదు గానీ."

"పొద్దున ఏమైందంటే మాస్టారూ..."

"ఏదో అయ్యుంటుందిలే. నలుగురిలో నిన్ను అనరాని మాట అన్నాను. రాత్రంతా అదే బాధ. మనసులో పెట్టుకోకు."

"మీరలా అనకండి. నాకింకా సిగ్గుగా ఉంటుంది."

"అననీ. కానీ నీదీ ఒక తప్పుంది. మా ఇంట్లో ఎలా వస్తే మీకూ అలాగే అన్నావు. ఎక్కడయ్యా? మాకు మూలిగి మూలిగి వస్తోంది. నీకు వేలు పెట్టేలోపే వస్తోంది. లోపల మీ ఆవిడేనా, క్లాసు చెబుతోంది?"

"ఆవిడేనండీ. అరగంట పైనే అయింది. ఒక్కసారి ఆగలేదు."

"అదీ లైనంటే. ఇంక నాకు అనుమానం లేదు. కొత్త కంపెనీ గొడవే మాకొద్దు. నూట ఎనభై ఇళ్ళూ నీ దగ్గరే ఉంటాయి, ఇదుగో కాగితం, రెండేళ్ళకి సంతకం పెట్టేస్తాను. ఒకటే షరతు. నీ ఇంట్లో ఏ లైనుందో అచ్చం ఆ లైనే మాకూ ఇప్పించాలి. ఏమంటావు? ఏమయ్యా, అలా నిలబడిపోయావేం?"

"ఆ కాగితం జేబులో పెట్టుకోండి మాస్టారూ. మా ఇంట్లో ఉన్న లైను కావాలంటే, వాళ్ళ సైటు మీ ముందే తెరిచి ఉంది. కిందికి జరపండి, కొత్త కనెక్షన్ అని ఉంటుంది, అది నొక్కండి. వాళ్ళ నిచ్చెన పొట్టిది, మాది నేనే పట్టుకొస్తాను."