సంతబయలు రాళ్లు, సారలమ్మ గారి పట్టుదల

1987 ఆగస్టు పదవ తేదీ, సోమవారం నాడు, వాగులన్నీ పొంగి రహదారిని ముంచెత్తిన వేళ, తడిసిన చీరతో, తడవని నియామక పత్రంతో మన పంచాయతీ కార్యాలయంలో గుమాస్తాగా అడుగుపెట్టిన శ్రీమతి సారలమ్మ గారు నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ఆమె సొంతూరు ఎర్రబోరు నుండి ఆ వరదలో ఆమెకు దారి చూపింది ఒక మొసలి అని ఒక కథ ప్రచారంలో ఉన్నది. దానిని పుట్టించినవారు ఈ కార్యాలయంలోనే ముసలివారయ్యారు. వారి పేరు ఇక్కడ అప్రస్తుతం.

తొలి సంవత్సరాలలో జనన మరణాల నమోదు, ఆ పిమ్మట కుళాయిల పర్యవేక్షణ, అనంతరం భూ విభాగ బాధ్యతలు ఆమె సమర్థంగా నిర్వహించారు. కార్యాలయ భాష హిందీలో రాసి, ఇక్కడి గిరిజనుల భాష డోర్లీలో వివరించి, తెలుగులో మందలించడం ఆమెకు అలవాటు. ఆ మందలింపు శబరి నది ఆవలి ఒడ్డుకు కూడా వినిపించేదనీ, అక్కడి పడవవాళ్లు తమనే అనుకొని తెడ్లు వదిలి చేతులు కట్టుకొనేవారనీ ప్రతీతి.

ఇనుప ఖనిజపు లారీలు మన రహదారిని ఎర్రగా మార్చిన సంవత్సరాలవి. లారీలు నిలుపుకోవడానికి ఒక రవాణా సంస్థ మన సంతబయలును కోరింది. ఆ నేలను ‘మిగులు భూమి’గా ప్రకటించి అమ్మివేయడమా, ముప్పై ఏళ్ల కౌలుకు ఇవ్వడమా అన్నదే అప్పటి చర్చ. సర్వే బాధ్యత సారలమ్మ గారిపై పడింది. పట్వారీతో కలిసి సోమవారం ఉదయం వెళ్లిన ఆమెకు అక్కడ రెండు మేకలు, చెల్లాచెదురుగా కొన్ని రాళ్లు తప్ప మరేమీ కనిపించలేదు. కొలత గొలుసు సాఫీగా పరచడానికి ఆ రాళ్లన్నింటినీ ఏరించి, ఒక మూలన కుప్ప వేయించారు. ‘నిరుపయోగం’ అని నివేదిక సిద్ధమైంది.

గురువారం సంత. ఆనాటి రద్దీలో ఒక కోడి ఈ చివర గుడ్డు పెడితే, ఆ గుడ్డు చేతులు మారి ఆ చివరకు చేరేలోగా పిల్ల అయి కూసేదట! చింతపండు గంపతో వచ్చిన సుక్కి బయలు నడుమ నిలబడిపోయింది.

“గా రాళ్లేవి? మా రాళ్లు ఎవడు కుప్ప పోసిండు?”

కూరగాయలు కొనడానికి వచ్చిన సారలమ్మ గారు, “నేనే తీయించిన, సుక్కీ. ఏందే, ఉత్త రాళ్లే గదా!” అన్నారు.

“ఉత్త రాళ్లా? గది మా అవ్వ కూసున్న రాయి. దాని పక్కది మిర్చి అమ్మే దేవేది. నీ ఆఫీసుల నీ కుర్సీ ఎవరన్న బయట పారేస్తే ఊకుంటవా అక్కా?”

“తప్పు నాదేనే,” అన్నారు సారలమ్మ గారు. ఆమె ఉద్యోగ జీవితంలో ఇది అపూర్వ ఘటన. మరుక్షణం కొంగు బిగించి, కుప్పలోని మొదటి రాయిని తానే ఎత్తారు. ఎవరి రాయిని వారు గుర్తుపట్టి మోసుకుపోయారు; పొద్దు నడినెత్తికి రాకముందే సంత మళ్లీ కుదురుకుంది.

ఆ సాయంత్రమే ఆమె తన నివేదికను తానే చించి, అధ్యక్షులు శ్రీ సీతారాములు గారి ఎదుట నిలిచారు.

“అమ్ముడొద్దు, ముప్పై ఏండ్లొద్దు సారూ. ఏడాదికోసారి కౌలుకిద్దాం. ఆరు దినాలు లారీలయి, గురువారం సంతది.”

“సంతకం పెట్టిన కాగితం చింపినవు. పైనోళ్లకు తెలిస్తే బదిలీ చేస్తరమ్మా,” అన్నారు అధ్యక్షులు.

“చెయ్యనీయుండ్రి. యాడికి పంపినా ఆడ గూడ సంతుంటది గదా! గీసారి మీటింగు గదిల వద్దు, గురువారం బయల్ల పెట్టుండ్రి.”

అలాగే పెట్టారు. సభ్యులకు కాలు మోపే చోటు లేదు. సంస్థ ప్రతినిధి ఒక రాయిపై కాలు ఎత్తి పెట్టగానే, “బాబూ, నా మిర్చి తొక్కుతవా ఏంది?” అని దేవే గదమాయించింది. నవ్వుల నడుమ, సారలమ్మ గారి మాటే తీర్మానమైంది. మర్నాటి సంతకు చోటు వదలవలసిన మొదటి బుధవారం సాయంత్రం లారీలు కదలకపోతే, ఆమె ఆఫీసు కుర్చీని తెప్పించుకొని బయలు నడుమ వేసుకొని కూర్చున్నారు. డ్రైవర్లు హారన్లు కొట్టారు. ఆమె వక్క నమిలారు. చివరకు లారీలే కదిలాయి. బదిలీ ఉత్తర్వు మాత్రం నేటికీ రాలేదు. బహుశా ఆ మొసలే మింగి ఉంటుంది.

ఏటేటా కౌలు తిరగరాస్తూ, ఏ ఏడూ గురువారాన్ని వదులుకోకుండా ఆమె ఇన్నాళ్లు నెగ్గుకొచ్చారు. గనుల జోరు తగ్గి లారీలు పలచబడినా, సంత మాత్రం పలచబడలేదు.

గత గురువారం ఆమె చివరిసారి తనిఖీకి వెళ్లినప్పుడు, సుక్కి తన రాయిని కాస్త పక్కకు జరిపి, శబరి ఒడ్డు నుండి తెచ్చిన కొత్త రాయిని దేవే రాయికీ తన రాయికీ నడుమ పెట్టింది. “ఇగ గా కుర్సీ పోతది గదక్కా, గిది నీది. పెరట్ల వంకాయలన్న తెచ్చి అమ్ముకో,” అన్నది. సారలమ్మ గారు ఆ రాయి మీద కూర్చున్నారు.

ఆ రాయి ఆమె కూర్చొని కూర్చొని నున్నబడేవరకు, ఆయురారోగ్యాలతో, కుటుంబ సభ్యుల నడుమ, శబరి ఆవలికి వినిపించే ఆ గొంతుతోనే ఆమె ప్రతి గురువారం సంతకు రావాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. వంకాయల ధర వద్ద మాత్రం పాత సహోద్యోగులమని కాస్త కనికరించాలని మనవి.