మూడు కిలోల చాంపియన్

"తాతయ్యా, రికార్డింగ్ ఆన్ చేశాను. ఫస్ట్ ఇది చెప్పు. బాక్సింగ్‌లో ఓల్డ్ హెవీవెయిట్ చాంపియన్స్ గ్రేటా, ఇప్పటివాళ్ళు గ్రేటా?"

అదేటమ్మా షారోనూ, ఆదివారం చర్చిలో చెప్పే సాక్ష్యం రికార్డ్ చేస్తానని కూర్చోబెట్టి ఈ ప్రశ్నా? సరేలే. నిన్న హాల్లో మీ డాడీ, ఆయన ఆఫీసు ఫ్రెండ్సూ టీవీ ముందు పిజ్జా పెట్టుకుని దీని మీదే కదా గంటసేపు అరుచుకున్నారు. ఒకాయన, ఫలానావాడు ఒక్క ఫైటు కూడా ఓడిపోలేదండీ అంటాడు. ఇంకొకాయన, ఈ రోజుల్లో వాళ్ళు ఆరున్నర అడుగులండీ, పాతవాళ్ళని ఊదేస్తారండీ అంటాడు. నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. మీ అమ్మమ్మ ఉంటే చెప్పమని మోచేత్తో పొడిచేది.

చూడూ, పాతకాలం చాంపియన్లు చిన్న మనుషులు. అంటే చిన్నంటే... మీ డాడీ కంటే పెద్దే, ఇప్పటివాళ్ళ పక్కన నిలబెడితే చిన్న. కానీ పదిహేను రౌండ్లు ఆడేవారు. ఇప్పుడు పన్నెండే. వాళ్ళు ఏడాదికి ఎన్నిసార్లు రింగెక్కేవారో, వీళ్ళు ఏడాదికి ఒకటో రెండో. అప్పుడు చాంపియన్‌కిచ్చే బెల్టు ఒకటే, అదీ తర్వాత రెండయిందనుకో, ఇప్పుడు నాలుగు. నాలుగు బెల్టులుంటే పక్కవాడి జోలికి పోకుండా ఎవడి బెల్టు వాడు కట్టుకుని తిరగొచ్చు కదా.

నువ్వు చాంపియన్ని చూడకు. ఎదురుగా నిలబడ్డవాడెవడో చూడు. ఓడిపోనివాడు అంటారే, వాడు కొట్టినవాళ్ళలో సగం మంది వయసైపోయిన వాళ్ళు. ఇంకొకడు మూడుసార్లో నాలుగుసార్లో ఓడాడు, కానీ వాడి కాలంలో ఒకణ్ణి మించి ఒకడు, నలుగురు గట్టివాళ్ళు. ఒకణ్ణి కొడితే రెండోవాడు రెడీ. మరి ఎవరు గొప్ప? లెక్క కాగితం మీద మొదటివాడే గొప్ప. నాకైతే... నాకు తెలుసులే.

నాకెలా తెలుసంటే, నేనూ చాంపియన్నే కదా. నవ్వకు.

విశాఖపట్నంలో అప్పట్లో రైల్వేలో గుమస్తాని నేను. సాయంత్రమైతే రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో బాక్సింగు. గ్లవ్సులో గుర్రం వెంట్రుకలు కుక్కి ఉండేవి, పాతబడితే అవి ఓ పక్కకి పోయి వట్టి తోలు తగిలేది ముఖానికి. నాతోపాటు యోహానని ఉండేవాడు. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ గారబ్బాయి. ఇద్దరిదీ ఒకే చర్చి, క్వయిర్లో ఒకే బెంచీ, ఇద్దరమూ డెబ్బై ఎనిమిది కిలోలు. వాడి ఎడమచెయ్యి ఎప్పుడొచ్చేదో తెలిసేది కాదు. సెలక్షన్లలో మూడేళ్ళు వాడితో ఆడాను. మూడేళ్ళూ ఓడిపోయాను. మూడోసారి దవడ వాచిపోతే మా అమ్మ నాకు వారం రోజులు జావ పోసింది.

అప్పుడు మా కోచ్ గారన్నారు, "ఒరే, ఈ వెయిట్లో యోహాను ఉన్నంతకాలం నీకు మెడల్ రాదు. పైన హెవీవెయిట్ ఖాళీగా ఉంది. ఎనభై ఒకటి దాటు, చాలు."

ఖాళీ అంటే నిజంగానే ఖాళీనమ్మా. మన రాష్ట్రంలో ఆ బరువున్నవాళ్ళెవరు బాక్సింగుకొచ్చేవారు? అందరూ సన్నవాళ్ళే. ఇక రాష్ట్ర పోటీల్లో తూకం రోజు పొద్దున్న చూడాలి. మిగతా కుర్రాళ్ళంతా బరువు తగ్గడానికి కంబళ్ళు కప్పుకుని గెంతుతున్నారు, ఉమ్మేస్తున్నారు, పచ్చి మంచినీళ్ళు ముట్టట్లేదు. నేనొక మూల కూర్చుని చక్కెరకేళీలు తింటున్నాను. రెండు డజన్లు. డజను రూపాయో, రూపాయి పావలావో. పైన చెంబుల కొద్దీ నీళ్ళు. ముల్లు ఎనభై ఒకటి దాటగానే కోచ్ గారు చేతులు జోడించారు. నేను బయటికి పరిగెత్తాను, ఎందుకో అడక్కు.

నాలుగేళ్ళు రాష్ట్రం చాంపియన్ని. ఆ నాలుగేళ్ళలో నేను కొట్టింది ముగ్గుర్ని. ఒకాయన పోలీసు మెస్సులో వంటమనిషి. పోటీకి మనిషి కావాలని పట్టుకొచ్చారు. గ్లవ్సు వేసుకోవడం అదే మొదలు. రెండు గుద్దులకి కూర్చుండిపోయి "చాలు బాబూ" అన్నాడు. ఒక ఏడాది అసలెవరూ రాలేదు. గ్లవ్సు కట్టుకుని రింగులో నిలబడ్డాను. మైకులో ఎదుటివాడి కోసం పిలిచారు. గంట కొట్టారు. ఎవరూ రాలేదు. రిఫరీ నా చెయ్యెత్తాడు. పేపర్లో ఫోటో వేశారు. నాకు ప్రమోషను కూడా వచ్చింది.

యోహానుకి? వాడి వెయిట్లో పదిమంది ఉండేవారు. మిలటరీ వాళ్ళు కూడా. మూడు రోజుల్లో నాలుగు ఫైట్లు ఆడేవాడు. రెండుసార్లు కంచు పతకం, అంతే. ఒకసారి పోటీల నుంచి తిరుగు రైల్లో, వాడి కన్ను ఒకటి మూసుకుపోయింది, తడిగుడ్డ పెట్టుకుని కూర్చున్నాడు.

"గెలిచావా?" అన్నాడు.

"గెలిచాన్రా."

"ఎవరి మీద?"

నేను వాడి చేతిలో గుడ్డ తీసుకుని మళ్ళీ తడిపిచ్చాను. వాడు మళ్ళీ అడగలేదు, ఆ రోజూ, తర్వాత ఎప్పుడూనూ. ఎక్కడ కనబడినా "వీడు మా చాంపియను" అని పదిమందికీ చెప్పేవాడు. వెక్కిరింపు కాదు, అది నాకు తెలుసు. వెక్కిరిస్తేనే బావుండేది. సిగ్గేసేదమ్మా. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వాడు పోయి మూడేళ్ళయింది. వాడి కూతురు ఇక్కడే అమెరికాలో, మన పక్కనే మోరిస్‌విల్లో ఉంటుంది కదా, పోయినాదివారం చర్చి పార్కింగ్‌లో నన్ను పట్టుకుంది, "చాంపియన్ అంకుల్! మా నాన్న ఎప్పుడూ మీ గురించే చెప్పేవారు" అని. ఇప్పుడు నువ్వేమో సాక్ష్యానికి ఫ్లయరు వేశావు, నా పాత ఫోటో పెట్టి, "మాజీ రాష్ట్ర హెవీవెయిట్ చాంపియన్" అని. ఆ పిల్ల ముందు వరసలో కూర్చుంటుంది.

వాట్సాప్‌లో అందరికీ వెళ్ళిపోయిందా? పోనీలే. మార్చొద్దు. అబద్ధమేం కాదు, సర్టిఫికెట్టు ఉంది. నేను ఉన్నదున్నట్టు చెప్పేస్తే మీ డాడీకి తల కొట్టేసినట్టవుతుందేమో, నాలుగు రోజులు మాట్లాడడు. ఫరవాలేదు. సాక్ష్యమంటే దేవుడు నన్ను గెలిపించాడని చెప్పడమే అనుకుంటారు అందరూ. నేనూ అలాంటివి చాలాసార్లు చెప్పాను.

"నిజమైన చాంపియన్ మీ నాన్నేనమ్మా" అని ఆ పిల్లతో అనను. అదీ అబద్ధమే, వాడు టైటిల్ కొట్టలేదు. "మీ నాన్న నన్ను మూడుసార్లు కొట్టాడు, నాలుగోసారి కొట్టకుండా నేను పారిపోయాను" అంటాను. అంతే. అది విని ఆ పిల్ల ఏమంటుందో తెలీదు.

నువ్వెందుకలా చూస్తావు? ఇలా రా. ప్రార్థనలో అందరూ నీకు ఆయుష్షు, ఉద్యోగం, మంచి మొగుడు కావాలని అడుగుతారు. అడగనీ. నేను మాత్రం, నీకంటే గట్టి మనిషి ఒకరు నీకు ఎదురవ్వాలని అడుగుతాను తల్లీ. ఆ రోజు నువ్వు ఓడిపోయినా సరే, అక్కడే నిలబడాలి.