గడప దాటని నిప్పు

మార్గశిర మాసం, మూడో లక్ష్మివారం, సరిగ్గా దీపాలు పెట్టే వేళ. పారమ్మ గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, ప్రమిదలో ఒత్తి ముట్టించి, నడుం పట్టుకుని మెల్లగా పైకి లేచిందంట. లేచిందో లేదో, చూరు కింద వానధార అవతల ఎవరో నిలబడి "అమ్మీ, పారమ్మా" అంటున్నారు. ఎవరా అని చూస్తే పక్కింటి తవిటమ్మ. గోనెసంచి మడిచి నెత్తిన కప్పుకుంది. చేతిలో కుండపెంకు, పెంకులో అడుగున ఇంత బూడిద. ఆ పెంకు చూడగానే ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది కదా, నిప్పుకొచ్చింది. రోజూ వచ్చే మనిషే, రోజూ వచ్చే పనే. అయినా పారమ్మ వెనక్కి తిరిగి గడప మీద ప్రమిద వంక చూసిందంట. ఎందుకంటే దీపం వెలిగిపోయింది. ఇంకొక్క చిటికె ముందు వచ్చి ఉంటే ఈ కథే లేదు, మీరిక్కడ కూర్చుని వినేదీ లేదు.

పారమ్మంటే మా తాతని కన్నతల్లి. అప్పటికి కడుపుతో ఉంది, ఆ కడుపులో ఉన్నది మా తాతే అనుకోండి. ఆవిడ అత్తగారు దాలమ్మ. ఆ రోజుల్లో మా వీధిలో దాలమ్మ అంటే నిప్పు, నిప్పు అంటే దాలమ్మ. ఏమిటా గొప్ప అంటారా, చెప్తాను. మాది కొండకింద ఊరు. చలికాలం వచ్చిందంటే కొండ మీంచి దిగే గాలి తడిక సందుల్లోంచి దూరి ఎముకల్ని పట్టుకుంటుంది. కలిగినవాళ్ళు బళ్ళకొద్దీ కట్టెలు తోలించుకుని తగలేసేవారు. దాలమ్మకి బండీ లేదు, కట్టెల మోపూ లేదు. అయినా ఆ ఇంట్లో ఉన్నంత వెచ్చదనం కలిగినవాళ్ళ ఇళ్ళల్లో లేదంట. ఎలాగంటే, కార్తీకం రాకముందే గోడల బీటలన్నీ పేడా మట్టీ కలిపి మెత్తేసేది. పడమటి కిటికీకి గడ్డిచాప కుట్టి బిగించేది. ఆవునీ దూడనీ వంటింటి గోడకి ఆనుకునేలా పశువుల సాలలో కట్టేది, వాటి ఒంటి వేడి గోడకొచ్చేది, గోడ వేడి ఇంటికొచ్చేది. పడకల కింద కొత్త వరిగడ్డి జానెడు మందాన పరిచేది. వంట పొయ్యి పక్కన నున్నటి రాళ్ళు పడేసి ఉంచి, పడుకోబోయే ముందు పాతగుడ్డల్లో చుట్టి పిల్లల కాళ్ళ దగ్గర పెట్టేది. ఇక నిప్పు సంగతి. వంట అయ్యాక అందరూ నీళ్ళు చిలకరించి ఆర్పేస్తారు. దాలమ్మ ఆర్పదు. బాగా ఎండిన పిడక ఒకటి నిప్పుల మీద బోర్లించి, దాని మీద ఊక పోసి, ఊక మీద బూడిద కప్పి అరచేత్తో అదిమేది. తెల్లవార్లూ అది లోలోపలే రగులుకుంటా ఉండేది. తెల్లారి పుల్లతో కెలికితే ఎర్రగా కళ్ళు తెరిచేది. ఆవిడ కాపరానికొచ్చిన నాటి నుంచి ఆ పొయ్యి చల్లారలేదంట. అగ్గిపెట్టె కావాలంటే సంతకెళ్ళాలి, తెచ్చుకున్నా ఆ తేమకి పుల్ల గీస్తే మందు రాలేది గానీ మంట వచ్చేది కాదు. అందుకని వీధి వీధంతా దాలమ్మ నిప్పే. ఎవరొచ్చినా కాదనేది కాదు.

ఒకటే నియమం. మార్గశిర లక్ష్మివారం నాడు దీపం పెట్టాక ఇంట్లోంచి ఏదీ గడప దాటకూడదు. ఉప్పుగల్లు దాటకూడదు, చల్లచుక్క దాటకూడదు, నిప్పయితే అసలే దాటకూడదు. ఆ వేళ అమ్మ, అంటే లక్ష్మీదేవి, ఇంటింటి గడపా చూసుకుంటా తిరుగుతుందని, బయటికి పోయేదాని వెంట ఆవిడా బయటికి పోతుందని పెద్దల మాట. నేనూ పాటిస్తాను, ఇప్పటికీ పాటిస్తాను. అమ్మని తప్పు పట్టడానికి కాదు నేనీ కథ చెప్పేది.

ఇక తవిటమ్మ సంగతి. మొగుడు పోయిన మనిషి. కూతురు పోలమ్మ పురిటికొచ్చి ఆడపిల్లని కంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల, పిల్లంటే పిల్ల కాదు, రెండు దోసిళ్ళలో ఇమిడిపోయేటంత. అలాంటి పిల్లకి మందేమిటి, మాకేమిటి, ఒక్క వెచ్చదనమే మందు. తవిటమ్మ మంచం కింద కుంపటి పెట్టి, అది ఆరకుండా రాత్రీ పగలూ కాచుకుంటా వచ్చింది. పిల్ల నిలదొక్కుకుంటోంది కూడా, పాలు చప్పరిస్తోందంట. అప్పుడేమైందంటే, తుఫాను పట్టింది. వదలని వాన, వానకి తోడు కొండగాలి. ఆ మధ్యాహ్నం తవిటమ్మ ఇంటి కప్పు మీద తాటాకు జారి వానధార వచ్చి పొయ్యిలో పడింది. పొయ్యి పోతే పోయింది, కుంపటి ఉంది కదా అనుకుంది తవిటమ్మ. ముందు ఆ ధార పిల్ల మీద పడకుండా చూడాలని తనే ఇంటి మీదకెక్కి, ఆకులు సర్ది, తాళ్ళు బిగించి దిగేసరికి పొద్దు వాలిపోయింది. లోపలికెళ్ళి చూస్తే కుంపటిలో బూడిద తప్ప ఏమీ లేదు. పోలమ్మ పచ్చి బాలింత, కళ్ళు తెరవలేని నీరసం, ఆవిడ చూసుకోలేదు. అందుకే తవిటమ్మ ఆ వేళకొచ్చింది. బద్ధకం చేత కాదు, మరిచిపోయి కాదు.

పారమ్మ అత్తని కేకేసింది. లోపలి నుంచి దాలమ్మ వచ్చింది. పురిటి మైల కాబట్టి తవిటమ్మ అరుగెక్కకుండా వానలోనే నిలబడి ఇలా జరిగిందని చెప్పి, చివర్న ఒక్క మాటంది.

"పిల్ల అరికాళ్ళు సల్లబడ్డాయి వదినా. ఏడుపు కూడా నేదు."

 దాలమ్మ చాలా నెమ్మదిగా, "తవిటీ, దీపం ఎట్టీసినాం గదే" అందంట. కోడి కూసిందంటే లక్ష్మివారం వెళ్ళిపోతుంది, ఆ క్షణానే నేనే కుండెడు నిప్పు మోసుకొస్తాను, అంతవరకూ పిల్లని ఒంటికి అదుముకుని పడుకోమని పోలమ్మకి చెప్పు, బొడ్డు మీదా రొమ్ము మీదా నూనె రాయి, ఉన్న బట్టలన్నీ కప్పు, ఇలా ఏమేమో చెప్పింది.

దాలమ్మది రాతిగుండె అనుకోకండి. ఆవిడకి ఇంకో కొడుకు ఉండేవాడు, పెద్దవాడు. వెనక ఒక మార్గశిరంలో ఇలాంటి లక్ష్మివారం నాడే ఎవరో బాటసారి చలికి వణుకుతా వస్తే పోనీలే అని నిప్పిచ్చింది. నెల తిరక్కుండా ఆ పెద్దవాడు జ్వరంలో పోయాడు. దానికీ దీనికీ సంబంధమేమిటి అని మనం అనుకోవచ్చు. కన్నతల్లి మనసులో ఆ రెండూ ముడిపడిపోయాయి, ఎవరు విప్పుతారు? తవిటమ్మతో మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ చూపు తవిటమ్మ మీద లేదంట, కోడలి కడుపు మీద ఉందంట.

పారమ్మ ఒక ఉపాయం చెప్పింది. అత్తా, నిప్పు దాటకూడదంటే వద్దులే, వాళ్ళనే మన సాలలోకి రమ్మందాం, ఆవు పక్కన గడ్డిలో పడుకుంటారు, ఆవు ఒళ్ళు పొయ్యి కన్నా వెచ్చన కదా అంది. దాలమ్మ ఒక్క నిమిషం తటపటాయించిందంట. ఆ నిమిషం గురించి పారమ్మ ముసలితనంలో కూడా చెప్పేది, ఒప్పుకుంటుందనుకున్నాను అని. కానీ పొద్దున్నే ఆవుకి కొమ్ములు కడిగి, పసుపు రాసి, లక్ష్మి అని దణ్ణం పెట్టారు. మైల మనిషిని తెచ్చి ఆవు పక్కన పడుకోబెట్టడమా? ఇంకో రోజైతే సరే, ఈ రోజు వద్దే అంది. తవిటమ్మ బతిమాలలేదు. "అలగే వదినా" అని గోనె సర్దుకుని వెనక్కి తిరిగింది.

తిరిగి ఊరుకోలేదు. వీధంతా వెళ్ళింది. ఏ ఇంటికెళ్ళినా గడప మీద దీపం. ఒకావిడ తలుపు ఓరగా తీసి, దాలమ్మ పొయ్యి దాటి మా పొయ్యికొచ్చావేటి, ఆవిడే ఇయ్యనిది మేమిచ్చి ఆ పాపం మూటగట్టుకోమా అందంట. ఇంకొకావిడ తలుపే తియ్యలేదు. వీధిలో ఎవరింట్లో రగిలేదైనా దాలమ్మ దగ్గర తెచ్చుకున్న నిప్పే కదా. నిప్పుతో పాటు నియమమూ ఆవిడ దగ్గరే తెచ్చుకున్నారు.

పారమ్మ అరుగు మీద కూర్చుని ఇదంతా విన్నది. ఒక్కో తలుపూ మూసుకున్న చప్పుడు విన్నది. అత్త పూజ గూటి ముందు కూర్చోగానే మెల్లగా వంటింట్లోకెళ్ళి, చిన్న మూకుట్లో నిప్పులు తీసి, బూడిద కప్పి, కొంగు చాటున పెట్టుకుని బయల్దేరింది. గడప దాకా వచ్చేసరికి వెనక దాలమ్మ. గద్దించలేదంట, చెయ్యి పట్టుకోలేదంట.

"ఎల్లు" అంది. "నేను అడ్డుకోను. నీ కడుపు మీద సెయ్యేసుకుని మరీ ఎల్లు."

పారమ్మ కడుపు మీద చెయ్యేసుకుంది. లోపల బిడ్డ కదిలింది. అంతే, కాలు ముందుకు పడలేదు. ఎంతసేపు అలా నిలబడిందో తెలియదు. మూకుడు కాలి చెయ్యి బొబ్బలెక్కినా తెలియలేదంట, ఆ తర్వాత మూకుడు చల్లారిపోయినా తెలియలేదంట. తిరిగొచ్చి బూడిద పొయ్యిలో బోర్లించేసింది. "నన్నెవరూ ఆపనేదురా, నేనే ఆగిపోనాను" అనేది మా తాతతో. నీ కోసం ఆగాను అని మాత్రం ఎప్పుడూ అనలేదంట.

ఆ రాత్రి సంగతి నాకు తెలియదు. తవిటమ్మ చెప్పలేదు, పోలమ్మ చెప్పలేదు. నేను కల్పించి చెప్పను.

కోడి కూసింది. మొదటి కూత పూర్తవకముందే దాలమ్మ కుండ నిండా నిప్పులెత్తుకుని గడప దాటింది. వాన తెరిపిచ్చిందంట. పారమ్మ వెనకే వెళ్ళింది. మైల అనీ లేదు, మడి అనీ లేదు, దాలమ్మ నేరుగా పురిటి గదిలోకి వెళ్ళిపోయింది. మంచం మీద పోలమ్మ పిల్లని రవికలో దాచుకుని, గుండెకి అదుముకుని ముడుచుకుని ఉంది. వెనక నుంచి తవిటమ్మ ఆ ఇద్దరినీ చుట్టుకుని ఉంది. ఇంట్లో ఉన్న బట్టంతా వాళ్ళ మీదే ఉంది, చీరలు, గోనెలు, ఆఖరికి తలుపుకి కట్టిన చాప కూడా. పిల్లలో ప్రాణం లేదు. పోలమ్మ వదలడం లేదు. దాలమ్మ కుండ పట్టుకుని అలాగే నిలబడిపోయిందంట, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. తవిటమ్మే తలెత్తి చూసింది. తిట్టలేదు, శపించలేదు.

"మంచం కిందెట్టు వదినా" అంది. "పెద్దదానికి సలేస్తంది."

దాలమ్మ కుండ మంచం కింద పెట్టి ఇంటికొచ్చింది. పారమ్మ మొగుడు కూర్మినాయుడు గునపం భుజాన వేసుకుని వెళ్ళి, కొండవాగు గెడ్డ ఒడ్డున చిన్న గొయ్యి తవ్వి, పిల్లని పెట్టి, పూడ్చి, ఆ నీళ్ళలోనే మునిగి తడిబట్టలతో వచ్చాడు. గునపం కడగబోతుంటే తల్లి ఆపింది. కడక్కు, ఇక్కడ తవ్వు అంది. ఎక్కడంటే గడపకి బయట, చూరు కింద, వీధిలో పోయేవాడు చెయ్యి చాపితే అందేటంత దూరంలో. ఎందుకమ్మా అంటే ముందు తవ్వరా అంది. అతను తవ్వాడు. దాలమ్మ వంటింట్లోకెళ్ళి, తను కాపరానికొచ్చిన నాటి నుంచి ఆరని ఆ పొయ్యిలో నిప్పంతా మూకుళ్ళకొద్దీ ఎత్తుకొచ్చి ఆ గోతిలో పోసి, పిడక పెట్టి, ఊక పోసి, బూడిద అదిమింది. పైన తాటాకు గొడుగు కట్టించింది. లోపల పొయ్యి చల్లగా మిగిలిపోయింది. అప్పుడు కొడుకుతో అందంట, "నిప్పు గడప బయటే ఉంటే ఇంక దాటేదేటుంది? ఎవులికి కావాలంటే ఆలే అట్టుకెల్తారు. నన్నడగనక్కర్నేదు" అని.

ఆ పూట మా ఇంట్లో వంట వీధిలో ఆ గోతి మీదే చేశారంట. మొదట దించిన గంజి పారమ్మ బొబ్బల చేత్తోనే పట్టుకెళ్ళి పోలమ్మ చేత తాగించింది.

నియమమూ చెడలేదు, వీధికి నిప్పూ దొరికింది. అమ్మకి కోపమొచ్చిన గుర్తులు కూడా ఏమీ కనపడలేదంట, మా తాత నిక్షేపంగా పుట్టాడు, నిండుగా బతికాడు. కూర్మినాయుడు ఆ గొయ్యి తవ్వడానికి పట్టిన సేపు ఎంతంటారు, తమలపాకు నమిలినంత సేపు. అంత చిన్న ఉపాయం. ముందు రోజు దీపం పెట్టేదాకా ఆ గడప దగ్గర ఇద్దరు బుద్ధిమంతులైన ఆడవాళ్ళు తిరుగుతానే ఉన్నారు, ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.