అమ్మమ్మ యాక్చువల్లీ

రాళ్లు చెక్కే షెడ్డు. మేస్త్రీ, రాతిబల్ల చేయించుకుంటున్న అమ్మాయి.

"మూలలు గుండ్రం చెయ్యాలి, అక్షరాలు చెక్కాలి, వాటిలో నల్లరంగు నింపాలి, పాలిష్ పట్టాలి, సాయంత్రంలోపు బస్టాపులో దించాలి. మేస్త్రీగారూ, వీటిలో ఏవయ్యాయి?"

"మూలలు గుండ్రమయ్యాయి."

"ఇంకా?"

"మూలలు బ్రహ్మాండంగా గుండ్రమయ్యాయి."

"అక్షరాలండీ?"

"నిన్ననే చెక్కేశా. అది సరే తల్లీ, ఆ ఇంగ్లీషు మాటకి చివర రెండు ఎల్‌లు రాసిచ్చావే, ఒకటి దండగేమో?"

"రెండూ ఉండాలి. యాక్చువల్‌కి ఒకటి, దాని తోకకి ఒకటి."

"తోకక్కూడానా! సర్లే. ఇంతకీ అర్థమేంటి?"

"నిజానికి అని. నిజం చెప్పేముందు అంటారు. మా అమ్మమ్మ ఊతపదం."

"అయితే మీ అమ్మమ్మగారు అబద్ధమే ఆడేవారు కాదన్నమాట."

"మా అమ్మమ్మా? ఆ మాట అన్నాక ఒక్క నిజం చెప్పుంటే ఒట్టు! 'యాక్చువల్లీ నేను తినేశానే' అనేది. చూస్తే గిన్నె అప్పటికే బోర్లించి ఉండేది. 'యాక్చువల్లీ నాకు చలెయ్యదే' అనేది. ఉన్న ఒక్క దుప్పటీ నా మీద ఉండేది."

"మా అమ్మా అంతే. పాపం ఇంగ్లీషు రాదు, ఉత్త అబద్ధమే ఆడేది."

"గోనెపట్టా తియ్యండి, బల్ల చూస్తా."

"ఉండమ్మా, దుమ్ము పడుతుంది. ఆ మాట ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారు ఆవిడ?"

"పనిచేసే ఇంట్లో టీచరమ్మ దగ్గర. టీచరమ్మ 'యాక్చువల్లీ' అనగానే వాళ్లాయన నోరు మూసుకునేవాడట. అంత పవరున్న మాట అక్కడెందుకు వదిలెయ్యాలని ఇంటికి తెచ్చేసుకుంది."

"టీచరమ్మకి ఎవరిచ్చారో!"

"అసలు పుట్టుక లాటిన్లో అండీ. చేసిన పని అనే మాట నుంచి. కాలేజీలో చేరగానే నిఘంటువులో మొదట అదే వెతికా. మాటల్లో కాదు, చేతల్లో ఉన్నది అని. అంటే అమ్మమ్మ సరిగ్గానే వాడింది! పరిగెత్తుకెళ్లి చెప్పా."

"ఏమన్నారు?"

"'యాక్చువల్లీ నాకు ముందే తెలుసు' అంది."

"ఘటికురాలే!"

"రోజూ బస్సులో నిలబడే వచ్చేది. 'యాక్చువల్లీ సీటు దొరికింది' అంటూ కాళ్లు పిసుక్కునేది. ఆ బస్టాపులోనూ కూర్చునే దిక్కు లేదు. ఉద్యోగం రాగానే అక్కడ బల్ల వేయిస్తానని మాటిచ్చా. ఉద్యోగం వచ్చింది. ఆవిడ ఆగలేదు... ఇక పట్టా నేనే తీసేస్తున్నా. మేస్త్రీగారూ, వీపు ఆనుకునే పలక నున్నగా ఉందేంటి? అక్షరాలేవీ?"

"మూలలు చూశావా?"

"అక్షరాలు!"

"కూర్చునే పలక మీద."

"కూర్చునే... మీదా?"

"ఇన్నేళ్లూ సమాధి రాళ్లే చెక్కా తల్లీ. మా రాళ్లన్నీ పడుకునే ఉంటాయి. ఇదీ పడుకుని కనబడింది, చెయ్యి ఊరుకుందా?"

"అయ్యో! ఎవరైనా కూర్చుంటే మా అమ్మమ్మ కనబడదుగా!"

"కనబడరు. యాక్చువల్లీ..."

"మీరు ఆ మాట అనకండి!"

"అనను. ఏడుస్తున్నావా?"

"లేదు. యాక్చువల్లీ కంట్లో రాతిపొడి పడింది."

"పొద్దుట్నుంచి ఉలే పట్టలేదమ్మా నేను."

"అయితే నిన్నటి పొడి అయ్యుంటుందండీ."

"పలక మార్చేస్తా. నాలుగు రోజులు ఓపిక పట్టు."

"వద్దు."

"ఊరికే చేస్తా, నాదేగా తప్పు."

"వద్దండీ. ఎదుటివాళ్లు కూర్చుంటే చాలనుకునేది, తను కనబడాలని ఎప్పుడనుకుంది గనక! ఆ మాట కింద ఇంకాస్త చోటుందా?"

"ఉంది. ఇంగ్లీషేనా? ఎన్ని ఎల్‌లు?"

"తెలుగే. రాసుకోండి."

"చెప్పు తల్లీ."

"'అలసినవాళ్లు కూర్చోండి. బస్సొచ్చి లేచేటప్పుడు, ఒక్కసారి వెనక్కి తిరిగి మా అమ్మమ్మని తలుచుకోండి.'"