నలభై మీద ముల్లు

నా పేరు బాలస్వామి. తండ్రి పేరు దేవసహాయం, ఇప్పుడు లేరు. నాకు అరవై తొమ్మిదేళ్ళు. మా ఊరి బడిలో ఐదు వరకు చదివాను. రాయచోటిలో కడప రోడ్డు పక్కన నాకు రేకుల షెడ్డు ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా మెకానిక్ పని చేస్తున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు. ఈ రోజు 2024 జూన్ 3, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు నేనే స్టేషన్‌కు వచ్చాను. ఎస్.ఐ. గారు లేరంటే బల్ల మీద కూర్చున్నాను. పదకొండుకు వచ్చారు.

మామిడి తోటల రాజశేఖర్ గారి పికప్ బండి మే 28న గువ్వలచెరువు ఘాట్‌లో బోల్తా పడింది. నడిపిన అరుణ్ కుమార్ చనిపోయాడు. వేగంగా నడిపాడని అతని మీద కేసు రాశారు. అది సరి కాదని చెప్పడానికి వచ్చాను.

నేను మాట తక్కువ మనిషిని. ఏదైనా ఒకసారే చెబుతాను. రెండోసారి చెప్పడం నాకు చేతకాదు. నా భార్య జ్ఞానమణి బతికున్నప్పుడు, "ఇంగోసారి చెప్తే నీ నోట్లో ముత్యాలు రాల్తాయా" అనేది.

ఏప్రిల్ 22, సోమవారం ఉదయం పది గంటలకు రాజశేఖర్ గారు నాలుగు కొత్త టైర్లు తెచ్చారు. బండికి ఉన్న వాటికంటే పెద్దవి. ఆయన తోటకు పోవాలంటే వంక దాటాలి. వంకలో రాళ్ళు బండి అడుగుకు తగులుతున్నాయి. ఇంజన్ కింద ఆయిల్ చాంబర్ అప్పటికే ఒకసారి పగిలింది. బండిని ఎత్తు చేయమన్నారు.

మరుసటి రోజు బిగించాను. మలుపులో టైరు రాసుకోకుండా మడ్‌గార్డు అంచులు సుత్తితో లోపలికి మడిచాను. పాత టైరునూ కొత్త టైరునూ కొలిచాను. టైరు మీద సుద్దతో గీత గీస్తాను. గీత నేలకు తాకిన చోట గుర్తు పెట్టి, మళ్ళీ గీత నేలకు వచ్చేదాకా దొర్లిస్తాను. ఆ దూరానికి పురికొసలో ముడి వేస్తాను. నా పద్ధతి ఇది. పాత టైరు ఒక చుట్టుకు ఏడు అడుగులు పోయింది. కొత్తది ఎనిమిది అడుగులు పోయింది.

చక్రం పెరిగితే దానికి తగ్గట్టు వెనక ఇరుసులోని పళ్ళ చక్రాలు మార్చాలి. వాటిని క్రౌన్ పినియన్ అంటాం. మార్చకపోతే స్పీడు చూపించే ముల్లుకు టైరు పెరిగిన సంగతి తెలియదు. అది ఏడు అడుగులే అనుకుంటుంది. బండి ఎనిమిది అడుగులు పోతుంది. ముల్లు నలభై అంటే బండి నలభై ఆరు. ఇంకొకటి ఉంది. పల్లానికి దిగేటప్పుడు గేరు తగ్గిస్తే ఇంజన్ బండిని వెనక్కి పట్టుకుంటుంది. చక్రం పెద్దదైతే ఆ పట్టు తగ్గుతుంది. బరువంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులు కాలితే పట్టవు.

ఇది రాజశేఖర్ గారికి చెప్పాను.

"క్రౌన్ పినియన్ మార్చల్లప్పా. ముల్లు తప్పు చూపిస్తాది. దిగేటప్పుడు ఇంజన్ పట్టదు."

ఆయన ఫోన్‌లో మాట్లాడుతున్నారు. ఫోన్ చేత్తో మూసి, "కాపు అయిపోనీ పెద్దాయనా. ఇప్పుడు బండి ఒక్కదినం నిల్చినా కాయ మాగిపోతాది" అన్నారు.

సరే అన్నాను. ఒకసారే చెప్పాను.

సాయంత్రం ఐదుకు అరుణ్ బండి తీసుకుపోవడానికి వచ్చాడు. వాడు మా చర్చి పిల్లవాడే. ముప్పై నాలుగేళ్ళు. స్టాండులో వాడిని అందరూ 'నలభై' అని పిలిచేవారు. బరువు ఉన్నప్పుడు ముల్లును నలభై దాటనిచ్చేవాడు కాదు. ఆ పూట షెడ్డులో లారీ డ్రైవరు ఓబులేష్ ఉన్నాడు.

"ఏమప్పా నలభై, టైర్లు పెద్దవైనాయే. ఇంగ నలభై ఒకటికి పోతావా?" అన్నాడు ఓబులేష్.

"నువ్వు ముందు పోయి నాకు టీ చెప్పిపెట్టు. నేను వచ్చేతలికి సల్లారింటాది. నాకు సల్ల టీనే ఇష్టం" అన్నాడు అరుణ్.

తర్వాత అరుణ్ బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకున్నాడు. రోజూ చేస్తాడు. చేసి నా వైపు తిరిగాడు.

"తాతా, నాకేమన్నా చెప్పల్నా?"

నేను నోరు తెరిచాను. పక్కనున్న రాజశేఖర్ గారు, "ఏం లేదులే, పో" అన్నారు. ఆయనే తర్వాత చెబుతారనుకున్నాను. సుద్దముక్క నా చేతిలోనే ఉంది. ముల్లు అద్దం మీద ముప్పై ఐదు దగ్గర ఒక గీత గీస్తే సరిపోయేది. ఆ గీతను అరుణ్ దాటి ఉండడు.

మే 28, మంగళవారం ఉదయం పదకొండు ఇరవైకి బండి పడింది. మామిడి లోడుతో కడపకు పోతోంది. తోటలో కాయలు కోసే హంపమ్మ కంటి పరీక్షకని ముందు సీట్లో కూర్చుంది. ఆమె చెయ్యి విరిగింది. మర్నాడు ఆసుపత్రికి పోయి చూశాను. ఆమె చెప్పింది ఇది.

"నాకే భయమయ్యి, ఇంత జోరుగా పోతాండావేమప్పా అంటి. యాడ పోతాండానక్కా, ముల్లు సూడు, నలభై మీదే ఉండాది అనె. నేనూ సూస్తి. నలభై మీదే ఉండె. గేరు తగ్గించినా పట్టలేదే అనుకుండె. కాలిన వాసన వచ్చె. ప్రభువా అనె. అంతే."

రోడ్డు మీద గుర్తులు చూసినవాళ్ళు బండి వేగంగా వచ్చిందని రాశారు. హంపమ్మ నలభై అంటోంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

30వ తేదీ సమాధి దగ్గర అరుణ్ భార్య నిస్సీ నా దగ్గరికి వచ్చింది.

"తాతా, ఆయన శానా జోరుగా పోయినాడంటాండారు. నలభై అని ఎగతాళి చేసినోళ్ళే అంటాండారు. ఆ బండి సంగతి నీకు తెలుసు కదా. ఆయన అట్ల పోతాడా?"

నేను తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు. ఆమె అక్కడే నిలబడింది. నేను వంగి, సమాధి మీద సరిగానే ఉన్న మట్టిని సర్దాను.

శనివారం రాజశేఖర్ గారు షెడ్డుకు వచ్చారు. "టైర్ల మాట ఎత్తొద్దు పెద్దాయనా. పోయినోడు ఎట్లా రాడు" అన్నారు. పోతూ గేటు దగ్గర ఆగి మళ్ళీ అదే మాట చెప్పారు. ఆయన రెండుసార్లు చెప్పారు.

ఇలాంటి టైర్లు ఇంకా రెండు బండ్లకు వేశాను. నిన్న ఆదివారం చర్చికి పోకుండా ఆ డ్రైవర్లను వెతికి చెప్పాను. రెండు బండ్లలోనూ అద్దం మీద గీత గీశాను.

రెండు ముడులున్న పురికొస ఎస్.ఐ. గారికి ఇచ్చాను. టేపు పెట్టి కొలిచారు. ఏడు, ఎనిమిది వచ్చాయి. తెలిసి టైర్లు బిగించింది నేను. నడిపేవాడికి చెప్పనిది నేను. నా మీద ఏమి రాసినా ఒప్పుకుంటాను. నిస్సీకి ఈ కాగితం చదివి వినిపించమని అడిగాను.

ఇది రాసుకున్న స్టేషన్ రైటర్ గారు నాకిదంతా చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. కింది మాట రెండుసార్లు రాయమన్నాను. "ఒకసారి రాస్తే చాలు కదా పెద్దాయనా" అన్నారు రైటర్ గారు. చాలదన్నాను.

అరుణ్ నలభై దాటించలేదు.

అరుణ్ నలభై దాటించలేదు.

(సంతకం)
బాలస్వామి