పొద్దునొక సెంబు, సందేలొక సెంబు

కాశీబుగ్గ బస్టాండు వెనక గోవిందు మెకానిక్ షెడ్డు. 2004, మాఘమాసం, మిట్టమధ్యాహ్నం. వజ్రపుకొత్తూరులో టాక్సీ నడిపే సన్యాసి తన పాత అంబాసిడరు తెచ్చాడు.

"ఇది ఆయిలేటి మావా? పాలు పోసిన టీ!"

"సరిగ్గా తుడిసి సూడు గోవిందూ."

"మూడుసార్లు తుడిసినాను. నీ కళ్ల ముందే గేజీ పెట్టి తీసినాను. ఇదిగో, ఈ ఆయిలు మూత అడుగున సూడు, వెన్న కట్టినట్టు ఎలగ కట్టిందో. ఎన్నాళ్ల బట్టి తిప్పుతన్నావు ఇలగ?"

"ఎన్నాళ్లేటి... మొన్నటి నుంచి."

"మొన్నటి నుంచా?"

"మొన్నంటే మొన్నే కాదు. ఈమధ్య."

"ఆయిలెప్పుడు పోసినావు?"

"పొయ్యలేదు."

"పొయ్యకండానే గీత మీద రెండు వేళ్ల మందం ఎక్కువున్నాది. దానంతటది పెరుగుతాదేటి? రేడియేటరు నీళ్లు ఆయిల్లోకి దిగిపోతన్నాయి మావా. అంతే."

"నీళ్ల వల్లే పాడైందా అయితే?"

"సూడాలి. ఇంజను హెడ్డు కింద గాస్కెట్టు రేకు పోయుండొచ్చు, హెడ్డే పగిలుండొచ్చు."

"అది కాదు నానడిగింది. నీళ్లు పోసినందుకు పాడైందా, పాడైపోయేక నీళ్లు పోసినానా? ముందేది?"

"ఏదైతే ఏటి? బాగు సెయ్యాల కదా."

"నాకది తెలియాల. ముందేదో సెప్పు. బాగు సంగతి తరవాత."

"ఓరి నాయనో! బండి తెచ్చినావా, తగువు తెచ్చినావా? ఉండు మరి. రేడియేటరు మూత తీత్తాను... బాబోయ్, సగం ఖాళీ! వేడి మీటరు పైకి ఎల్లలేదా?"

"మీటరు పనిసెయ్యదు కదా. నీకు తెలుసు."

"సరే, నిండా నీళ్లు పోత్తాను. నువ్వెక్కి స్టార్టు సెయ్యి. రేజ్ ఇయ్యకు... ఆఁ. అలగే ఉంచు. దిగి ఇలగొచ్చి సూడు."

"బుడగలు."

"ఉడికిన బుడగలు కావు. సల్లటి నీళ్లు ఇప్పుడే పోసినాను కదా. ఇంజను గాలి నీళ్లలోకి తోసుకొత్తంది. ఇంక ఎనక్కి ఎల్లి సూడు, పొగ."

"తెల్లగుంది."

"ఎన్నాళ్ల బట్టి తెల్లగుంది?"

"సలికాలం కదా అనుకున్నాను."

"సలికి పొగ నీ నోట్లోంచి వత్తాది మావా, బండి గొట్టంలోంచి రోజంతా రాదు. ముప్పయ్యేళ్లు స్టీరింగు పట్టినోడివి. నీకు తెలీదంటే నాను నమ్ముతాననుకున్నావేటి?"

"ఆపీయనా బండి?"

"ఆపీయి. ప్లగ్గులిప్పుతాను. ఈలోగా కూజాలో నీళ్లున్నాయి, తాగు. ఎండలో వచ్చినావు."

"వద్దు."

"మంచి నీళ్లే. మా ఆవిడ గౌరీశ్వరి పొద్దున తెచ్చింది."

"పొద్దున గ్లాసుడు తాగినాను. సాలు."

"గ్లాసుడా? సరే నీ ఇష్టం. ఇదిగో సూడు, ఒకటో ప్లగ్గు నల్లగుంది, నాలుగోది నల్లగుంది. రెండు, మూడు సూడు. తోమి కడిగినట్టున్నాయి. ఆ రెండిటి నడుమే గాస్కెట్టు పోయింది. నాకు ఒక్కటే అరగడం లేదు మావా."

"ఏటది?"

"ఇంత నీళ్లు తాగే బండి రెండ్రోజుల్లో ఇంజను పట్టీసి ఆగిపోవాల. పట్టలేదు. అంటే నువ్వు పోత్తన్నావు. మానకండా పోత్తన్నావు. ఎంత పోత్తన్నావు?"

"ఎప్పుడైనా..."

"మావా."

"పొద్దునొక సెంబు. సందేలొక సెంబు."

"రోజూనా?"

"రోజూ."

"ఎన్నాళ్ల బట్టి?"

"మూడు నెల్లు."

"మూడు నెల్లు! ఏల తేలేదు నా దగ్గిరికి? రేడియేటరు లోపల సూత్తే అద్దంలాగున్నాది. మీ పక్క బండ్లన్నిటికీ బోరు నీళ్లకి ఎర్రగా తుప్పు కట్టీసుంటాది. నీది కట్టలేదు. ఇవి మీ ఊరి నీళ్లు కావు కదా?"

"టెక్కలి నుంచి కేనుతో తెత్తాను."

"బండికా? మంచినీళ్లు టెక్కలి నుంచి తెచ్చి రేడియేటర్లో పోత్తన్నావా?"

"మీ అత్త రత్నాలు కోసం తెచ్చీవోడిని కదా. మన నూతుల నీళ్ల వల్లే కిడ్నీలు పోతన్నాయని అందరూ అంటే, అప్పటి నుంచి టెక్కలి నీళ్లే. ఆమె పోయేక కూడా ఆ దారిని వత్తే కేను నింపకండా రాబుద్ధి కాలేదు. నింపుకొని ఇంటికెల్తాను. తాగడానికి ఎవులున్నారు?"

"నువ్వున్నావు కదా."

"నాకు గ్లాసు సాలు."

"ఏటి మావా, గ్లాసు గ్లాసంటన్నావు? అత్తకి డాక్టరు సెప్పిన గ్లాసు అది. నీకు కాదు."

"ఆమె ముందు నాను సెంబెత్తి గటగట తాగలేకపోయీవోడినిరా. ఆమెకి రోజుకి మూడు గ్లాసులు. కూర, సారు అన్నీ కలిపి అంతే, దాటితే ఒంట్లో నీరు పట్టి పేణం మీదకొత్తాదన్నాడు డాక్టరు. ఆమె అలగ సూత్తంటే నాకు గొంతు దిగీది కాదు. నానూ గ్లాసుతోనే తాగీవోడిని. అలాగ అలవాటైపోయింది."

"నీ లాగ సూసుకున్నోడు మా ఎరికలో లేడు మావా. వారం వారం ఈ బండిలోనే విశాఖపట్నం తీసుకెల్లి రక్తం కడిగించీవోడివి. సన్యాసి గ్లాసు దాటనియ్యడు, అందుకే రత్నాలమ్మ రెండేళ్లు బతికిందని మీ ఊరోళ్లు ఇప్పటికీ అంటారు."

"అనకు."

"ఉన్నమాటే కదా."

"అనకన్నాను గోవిందూ."

"సరే. అనను. ఇంజను అడుగున ఆయిలు సాంబరు నట్టు ఇప్పుతాను, ఆ తొట్టి ఇటు జరుపు. బండి ఆపి గంటయ్యింది, నీళ్లు అడుక్కి దిగుంటాయి. మెల్లగా వదులు సేత్తే ముందు నీళ్లే వత్తాయి... సూసినావా?"

"ఎన్ని నీళ్లురా!"

"నువ్వు పోసినవే."

"బండి నన్ను అడిగీది గోవిందూ. నవ్వకు. రత్నాలు పోయేక పదకొండ్రోజులూ దీపం పక్కన సెంబుతో నీళ్లు పెట్టినాం కదా. పన్నెండోనాడు అందరూ ఎల్లిపోయినారు. దీపం తీసీసినారు. నాను లేచి అలవాటుగా సెంబు నింపీసినాను. సేతిలో సెంబుంది, ఇంట్లో ఎవులూ లేరు. పారబొయ్యడానికి సెయ్యి రాలేదు. వాకిట్లో బండుంది. మూత తీసి పోసినాను. తాగీసింది. సాయంత్రం సూత్తే మళ్లీ ఖాళీ."

"అప్పుడే నాకు సెప్పాల."

"సెప్తే బాగు సేసీవోడివి. బాగు సేత్తే మరి అడగదు కదా. ఆ ఇంట్లో నాకు ఇంకెవులున్నారు అడగడానికి? పొద్దున లేత్తే ఒక పనుండీది. ఏటే, దాహమేత్తందా అనీవోడిని. ఎవులైనా ఇంటే పిచ్చోడనుకుంటారు."

"నాను అనుకోను మావా. రా. సాయం పట్టు. హెడ్డు ఇప్పాల, వేడి తగ్గింది."

సాయంత్రం ఐదయింది. ఇంజను హెడ్డు విప్పి బల్ల మీద పెట్టారు.

"బేటరీ లైటు ఇటు పట్టు మావా. ఇంకొంచెం కిందకి."

"కనిపించిందా?"

"ఆఁ. రెండుకీ మూడుకీ నడుమ సూడు, గాస్కెట్టు తినేసి దారి పడిపోయింది. ఇదిగో, ఏలు పెట్టు."

"నల్లగుంది."

"మసి గట్టిపడిపోయింది. ఇది మూడు నెల్లది కాదు మావా, అంతకు ముందే మొదలైంది. నీకు కనిపించలేదంతే."

"అంతకు ముందే?"

"ముందే. పాత ఇంజను, పాత గాస్కెట్టు. వారం వారం అంత దూరం తిరిగింది. లోపల్లోపల కాలిపోయింది. నువ్వు సెంబు పట్టుకునే పాటికే ఇది పోయింది."

"నీళ్లు పోయడం వల్ల కాదు?"

"నీళ్లు పోత్తే గాస్కెట్టు ఏల పోతాది?"

"మరి ఆయిలు పాడయింది కదా. అది నీళ్ల వల్లే కదా. దాయకు."

"దాయను. ఆయిలు పాడైంది నీళ్ల వల్లే. బేరింగులు కూడా కొంచెం తిన్నాయి. ఉన్నదున్నట్టు సెప్పాల మరి. కానీ నీళ్లు పొయ్యకపోతే ఆ వారమే ఇంజను పట్టీసును. పోసినా కట్టమే, పొయ్యకపోయినా కట్టమే. పోసినావు కాబట్టి ఇన్నాళ్లు తిరిగింది."

"నా మనసు సల్లబడాలని సెప్తన్నావా?"

"నా పానా మీద ఒట్టు. హెడ్డు సాపు సేయించి, కొత్త గాస్కెట్టు ఏసి, ఆయిలు మారుత్తాను. బేరింగులు సూసుకుందాం. బుధవారం రేత్రికి ఇచ్చీత్తే నీకు సాలా?"

"గురువారం తెల్లారకముందే బయల్దేరాల. ప్రమోదిని టీచరమ్మ ఉన్నాది."

"మందస టీచరమ్మా? ఆవిడికి కూడానా?"

"ఆర్నెల్లయింది. నా బండిలోనే విశాఖ తీసుకెల్తన్నాను. పోయిన వారం నరసన్నపేట దాటేక అడిగింది. సన్యాసీ, నోరెండిపోతంది, ఒక్క గుక్క ఇయ్యవా అని. ఆవిడి తమ్ముడు రాజేష్ పక్కనే ఉన్నాడు, వద్దన్నాడు. టెక్కలి కేను నా కాళ్ల కాడే ఉన్నాది. ఇయ్యడానికి సెయ్యి రాలేదు, ఇయ్యనని సెప్పడానికి నోరు రాలేదు. బండి పక్కకి ఆపీసి దిగిపోయినాను. ఆ పిల్లడు, ఏటైంది మావా, ఏటైంది మావా అని ఒకటే అడగడం."

"ఏటి సెప్పినావు?"

"బండి వేడెక్కిందన్నాను. మూత తీసి నీళ్లు పోసినాను. ఆ టీచరమ్మ కిటికీలోంచి ఆ నీళ్లకేసే సూత్తన్నాది గోవిందూ. అలాగే సూసీది రత్నాలు కూడా."

"అందుకా బండి తెచ్చినావు?"

"ఈ పొద్దున సెంబు పట్టుకున్నాను, పొయ్యలేకపోయినాను. గురువారం మళ్లీ అడుగుతాది. నాను ఏటి సెయ్యాల?"

"డాక్టరు సెప్పినట్టే సెయ్యి. ఒక గుక్క ఇయ్యొచ్చేమో టీచరమ్మనే డాక్టర్ని అడగమను. నీకెందుకు మావా ఆ బరువు? అత్తకి నువ్వు ఏ లోటూ సెయ్యలేదు. ఒక్కనాడు కూడా గ్లాసు దాటలేదు."

"గోవిందూ, ఆ గాస్కెట్టు ఇలగియ్యి."

"మసి అంటుకుంటాది."

"అంటుకోనీ. ఇది ముందే పోయిందన్నావు."

"అన్నాను."

"ఖాయంగా?"

"ఖాయంగా. ఎన్నిసార్లడుగుతావు?"

"ఎన్నిసార్లైనా సెప్పు. నీళ్లు పోసినోడిది తప్పు కాదని సెప్పు."

"పోసినోడిది తప్పు కాదు. దాహమేసి అడిగింది, పోసినావు. ఏటి మావా ఇది, ఆ గాస్కెట్టు కింద పెట్టు. కూర్సో. ఆ బల్ల మీద కూర్సో. కూజా తెత్తాను, ఈసారి తాగాల్సిందే."

"గ్లాసొద్దు."

"సెంబుతోనే ఇత్తాను. ఇదిగో పట్టు."

"ఆ ఆదివారం సందేల రత్నాలు అడిగింది. ఎప్పుడూ ఏడిసి అడిగీది, ఆ రోజు ఏడవలేదు. సెంబుడు ఇయ్యి మావా, ఒక్కసారి సెంబుడు, అంది. గ్లాసు అటు పెట్టీసి నిండా ఇచ్చీసినాను గోవిందూ. మొత్తం తాగింది. ఎన్నాళ్లకి సల్లబడింది మావా అని నవ్వింది. తెల్లారేపాటికి లేదు. ఇప్పుడు సెప్పు, ముందేది పాడైందో."