అంజన్న గవ్వ, రంగనాథ్ సార్ చిట్టీలు

అధ్యక్షులు విఠల్‌రావు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, కుర్చీలు చాలక గోడకానుకుని నిలబడిన క్యారమ్ మిత్రులకు, ఇవాళ ఇరవై ఆరేళ్ళ కొలువు ముగిస్తున్న మన కార్వాన్ గ్రంథాలయం రంగనాథ్ సార్‌కు నమస్కారం. నేను పురుషోత్తం గారి ఇల్లాలు గోదాను. అధ్యక్షుల వారు నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. ఇంట్లో గడియారం ముందు రెండుసార్లు చదువుకుంటే రెండుసార్లూ ఏడు నిమిషాలు వచ్చింది. ఆ రెండు నిమిషాలూ మన్నించాలి. (నవ్వులు)

నాకీ గ్రంథాలయంతో పరిచయం పుస్తకాల వల్ల కాలేదు, గుమ్మం పక్కన వేలాడే పలక వల్ల అయింది. ప్రతి ఆదివారం సార్ దాని మీద ఒక చిక్కులెక్క రాస్తారు. ఎనిమిదేళ్ళ కిందట కూరగాయల సంచితో పోతూ చదివాను. పదహారు మంది క్యారమ్ ఆడుతున్నారు, ఒక్కసారి ఓడినవాడు ఇంటికి పోవాలి, ఒక్కడు మిగలడానికి ఎన్ని ఆటలు కావాలి? నేను ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి అని వేళ్ళ మీద కూడి పదిహేను అన్నాను. సార్ పదహారు చెరిపి ముప్పై ఏడు రాశారు. నా వేళ్ళు తికమకపడ్డాయి. అప్పుడాయన, "గెలిచినోళ్ళను లెక్కపెట్టుడు బంద్ చెయ్యమ్మా, ఓడినోళ్ళను లెక్కపెట్టు" అన్నారు. ఒక ఆటకు ఒకరే ఇంటికి పోతారు, ముప్పై ఆరు మంది పోవాలి, కనుక ముప్పై ఆరు ఆటలు. సంచిలో పాలకూర వాడిపోయే దాకా అక్కడే నిలబడి ఆనందించాను. నేను ఎనిమిదో తరగతితో బడి మానినదాన్ని. ఎంత చదివావని ఆయన ఆ రోజూ అడగలేదు, ఈ రోజు వరకూ అడగలేదు.

ఇప్పుడు అసలు మాట. మూడేళ్ళ కిందట మన వార్షిక క్యారమ్ పోటీ జరిగింది. పదహారు మంది పేర్లు చిట్టీల మీద రాసి, బిస్కట్ల డబ్బాలో వేసి, ఎవరితో ఎవరు ఆడాలో ఎప్పటిలాగే సారే తీశారు. బేగంబజార్ గిన్నెల దుకాణంలో పనిచేసే మన అంజన్న, అందరూ కప్పు అతనిదే అనుకున్న అంజన్న, మొదటి ఆటలోనే ఇంకో మంచి ఆటగాడు ఇశ్రాయేలు చేతిలో ఓడిపోయాడు. ఆ సాయంత్రం హోటల్లో చాయ్ తాగుతూ, "చిట్టీలు సక్కగ తీస్తే కప్పు నాదే. నేను ఓడుడేంది? సార్ ఏదో మతలబు చేసిండు" అన్నాడు. ఆ మాట తెల్లారేసరికి ఇక్కడికొచ్చింది. సార్ డబ్బాను బీరువా మీద పెట్టేశారు. ఆ తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు, పోటీ కూడా జరగలేదు.

పోయిన నెల ఆయన రిటైర్ అవుతున్నారని విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ డబ్బానే. ఆ మాట మోసుకునే ఈయన గడప దాటాలా అనిపించింది.

కిరసనాయిలు ఎన్ని రోజులు వచ్చిందో రాసుకునే నోట్‌బుక్కులో వెనక పేజీలు తీసుకున్నాను. పదిపైసల బిళ్ళ ఎగరేస్తూ అంజన్న పోటీని వంటింట్లోనే ఆడించాను. బొమ్మ పడితే గెలుపు, బొరుసు పడితే ఇంటికి. వరుసగా నాలుగు గెలిస్తే కప్పు. నూరు పోటీలు ఆడిస్తే కప్పు ఏడుసార్లే వచ్చింది. సంబరంగా పోయి చూపించాను. అంజన్న, "నేనేమన్న పదిపైసలనా అమ్మా? ఇరవై ఏండ్ల సంది ఆడుతున్న. అందరితోని సమానం జేస్తివి గద" అన్నాడు. నిజమే, తప్పు నాదే.

సార్ దగ్గర ప్రతి ఆదివారపు ఆటల రిజిస్టరు ఉంటుంది కదా, అందులో చూశాను. అంజన్న తొంభై ఆటలాడి అరవై గెలిచాడు, అంటే మూడింట రెండు. మూడింట రెండు గెలిచే బిళ్ళను ఎక్కడ తేను? మా అత్తమ్మ లక్ష్మీకాంతమ్మ గారు, అదిగో రెండో వరుసలో ఉన్నారు, అష్టాచెమ్మా గవ్వల్లోంచి ఒకదాన్ని ఎప్పుడో వేరుచేసి దేవుడి అలమరలో పడేశారు. అడిగితే, "అది ఎన్నిసార్లేసినా బోర్లనే పడ్తదే, ఆటంత ఖరాబ్ జేస్తది" అన్నారు. పప్పు ఉడికేలోగా దాన్ని నూట యాభై సార్లు విసిరాను. తొంభై తొమ్మిది సార్లు బోర్లా పడింది. నాకు పట్టలేని సంతోషం. ఆ గవ్వే అంజన్న. (నవ్వులు)

బోర్లా పడితే గెలుపు, వెల్లకిలా పడితే ఇంటికి అనుకుని ఆ గవ్వతో మళ్ళీ నూరు పోటీలు. కప్పు ఇరవై ఒక్కసారి వచ్చింది. అంటే మనలో అందరికన్నా గట్టి ఆటగాడు, ఎవరూ ఏ మతలబూ చేయకుండానే, ఐదు పోటీల్లో నాలుగు ఓడిపోతాడు. ఓడినవాళ్ళను లెక్కపెట్టమని సార్ చెప్పిన పాఠమే ఇది.

అంజన్న నా నోట్‌బుక్కు నమ్మలేదు. "ఇయ్యమ్మా, నేనే ఏస్త" అని సార్ భోజనానికి వెళ్ళిన వేళ ఇదే వరండాలో కూర్చున్నాడు. మొదటి విసురుకే గవ్వ వెల్లకిలా పడింది. "ఇంకొక్కపారి" అన్నాడు. మూడో పోటీలో మూడుసార్లు వరుసగా బోర్లా, ఫైనల్లో వెల్లకిలా. పది పోటీలాడితే రెండు కప్పులు. గవ్వను తిరిగి నా చేతిలో పెట్టి, "దీన్ని నేనే ఏసిన, నేనే ఓడిన. ఇగ ఎవరి మీద జెప్పాలె?" అన్నాడు. ఈ సంగతి సభలో తన ముందరే చెప్పమని అడిగింది కూడా అతనే.

సార్, ఇదంతా మీకు ఇప్పుడే తెలుస్తోంది. శాలువాలు పెద్దలు కప్పుతారు. మేము బీరువా మీది డబ్బా తుడిచి తెచ్చాం. ఈ ఏటి పోటీకి పదహారు పేర్లు రాసి, అన్నీ ఒకే కొలతకు నేనే మడిచాను.

(అంజన్న లేచాడు.) "సార్, మస్తు తప్పు మాట అన్న. మీ చేతితోనే తియ్యాలె. మల్ల పస్టు ఆటకే ఇశ్రాయేలన్న అచ్చినా నేను లొల్లి జెయ్య."

సభకు, నా ఏడు నిమిషాలను ఓపికగా భరించిన అధ్యక్షుల వారికి కృతజ్ఞతలు. డబ్బా మూత తీసే ఉంది సార్. మొదటి చిట్టీ మీరు తీసి చదివితే, నాకిక సెలవు.